మిషనరీకి మొదటి రెండేళ్లూ బడే: పరాయి దేశంలో భాషకు అంతకాలం ఎందుకు పడుతుంది?

క్లుప్తంగా: పరాయి దేశం వెళ్లిన క్రైస్తవ మిషనరీకి మొదటి రెండు మూడేళ్లు చాలామటుకు భాషకే సరిపోతాయి. పంపిన సంఘం దీన్ని అసలు పనికి ముందు జరిగే తయారీగా లెక్కేస్తుంది. చరిత్ర చూస్తే, ఆ పని ఏ దారి పడుతుందో చాలాసార్లు ఆ ఏళ్లలోనే తేలిపోయింది. బోధించడానికి వెళ్లినవాడు ముందు శిష్యుడై కూర్చోవాలి. ఎవరి దగ్గర కూర్చున్నాడు, ఏ మాట ఎంచుకున్నాడు అన్నవాటి ప్రభావం తరతరాలు నిలిచింది.

మిషనరీ వెళ్లి ఆరు నెలలు తిరక్కముందే పంపిన సంఘంలో ఒక ప్రశ్న మొదలవుతుంది: ఇప్పటిదాకా ఏం చేశారు? నెలనెలా కానుకలు పంపేవారు ఆ మాత్రం అడగడంలో తప్పు లేదు. జవాబుగా వచ్చే ప్రార్థనా లేఖలో మాత్రం బాప్తిస్మాల లెక్క ఉండదు. టీచరు సంగతి, రాబోయే పరీక్ష, ఎంత ప్రయత్నించినా నోరు తిరగని ఒక శబ్దం, బస్సులో తప్పు పలికి నవ్వులపాలైన ఒక ఉదంతం, ఇవే ఉంటాయి. ఏడాది గడిచినా లేఖ తీరు పెద్దగా మారదు. అడిగేవారికి అసహనం, రాసేవారికి సిగ్గు. ఆ మధ్యలో నిజంగా ఏం జరుగుతోందన్నది రెండు వైపులా సరిగ్గా అర్థం కాదు.

గంటల లెక్క

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి ఒక ప్రత్యేక సంస్థ నడుపుతోంది. దశాబ్దాల అనుభవంతో అది వేసిన అంచనాలను మిషన్ సంస్థలు కూడా తరచు ప్రస్తావిస్తుంటాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి ఫ్రెంచ్, స్పానిష్ లాంటివి పనికొచ్చే స్థాయిలో రావాలంటే సుమారు 30 వారాలు చాలు. హిందీ, తెలుగు లాంటి భాషలకు 44 వారాలు, అంటే దాదాపు 1,100 తరగతి గంటలు కావాలి. చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్ భాషలకు 88 వారాలు, 2,200 గంటలు. ఇది కూడా జీతం తీసుకుంటూ, వేరే పని లేకుండా, చిన్న తరగతిలో కూర్చుని చదివేవారి లెక్క. పిల్లల్ని బడిలో చేర్చడం, ఇల్లు వెతుక్కోవడం, వీసా పొడిగించుకోవడం మధ్య చదివేవారికి అది ఇంకా సాగుతుంది.

పైగా దౌత్యవేత్తకు కావలసిన భాష వేరు, మిషనరీకి కావలసింది వేరు. సమావేశంలో మాట్లాడగలిగితే దౌత్యవేత్త గట్టెక్కుతాడు. మిషనరీ చావు ఇంటికి వెళ్లి నోరు విప్పాలి, భార్యాభర్తల తగువు వినాలి, ఎవరో ఏడుస్తూ చెప్పింది అర్థం చేసుకోవాలి, నలుగురి ముందు గట్టిగా ప్రార్థించాలి. ఇవేవీ పాఠ్యపుస్తకం మొదటి సగంలో ఉండవు.

కొన్నిచోట్ల ఒక భాషతో సరిపోదు కూడా. పాపువా న్యూగినీలో 800కు పైగా భాషలున్నాయి. అక్కడికి వెళ్లినవారు ముందు అందరికీ అర్థమయ్యే టోక్ పిసిన్ నేర్చుకుంటారు. తర్వాత ఊరికి చేరి ఆ ఊరి భాష మొదలుపెడతారు. రెండోదానికి చాలాసార్లు నిఘంటువే ఉండదు.

దీనికి పూర్తి భిన్నమైన నమూనా మార్మన్ సంఘానిది. ఆ సంఘపు యువ మిషనరీలు ఆరు నుంచి తొమ్మిది వారాల భాషా శిక్షణతోనే బయల్దేరతారు. వాళ్ల సేవాకాలం ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. నిర్ణీతమైన పాఠాలు చెప్పడం, ఇద్దరిద్దరుగా తిరగడం, గడువు తీరగానే ఇంటికి వెళ్లడం వారి పద్ధతి కాబట్టి అది వారికి సరిపోతుంది. ఇరవై ఏళ్లు ఉండాలని వెళ్లినవారి లెక్కను దానితో పోల్చడం అనవసరం.

మొదటి విశ్వాసి దాకా ఆరేడేళ్లు

పేరుపొందిన పాత మిషనరీల తేదీలు పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. విలియం కేరీ 1793లో బెంగాల్ చేరాడు. తొలి విశ్వాసి కృష్ణ పాల్‌కు బాప్తిస్మం ఇచ్చింది 1800 చివర్లో. రాబర్ట్ మారిసన్ 1807లో చైనా రేవు కాంటన్ చేరితే మొదటి బాప్తిస్మం 1814లో. ఆదోనిరామ్ జడ్సన్, భార్య ఆన్ 1813లో బర్మాలోని రంగూన్‌లో దిగితే మౌంగ్ నౌ బాప్తిస్మం పొందింది 1819లో. ఆరేళ్లు, ఏడేళ్లు. ఆలస్యానికి భాష ఒక్కటే కారణం కాదు. చట్టాలు, జబ్బులు, రాజుల అనుమానాలు కూడా ఉన్నాయి. అయినా మారిసన్ విషయంలో చట్టమూ భాషా ఒకటే సమస్య: విదేశీయులకు చైనీస్ నేర్పడం ఆనాడు చైనాలో నేరం. ఆయన గురువుల్లో ఒకరు, పట్టుబడితే మింగడానికి విషం దగ్గర పెట్టుకుని తిరిగేవారని చెబుతారు. అమెరికన్లు పండితులను పెట్టుకుని భాష నేర్చుకోవచ్చన్న హామీ 1844లో అమెరికా, చైనా చేసుకున్న వాంగ్‌షియా ఒప్పందంతోగానీ రాలేదు.

గురువు స్థానం తలకిందులు

జడ్సన్ దంపతుల గురువుకు ఇంగ్లిష్ రాదు, వాళ్లకు బర్మీస్ రాదు. వస్తువును వేలితో చూపించడం, ఆయన పేరు చెప్పడం, వీళ్లు పలకడం, ఇలా మొదలైంది చదువు. కొన్నాళ్లకు ఒక తేడా బయటపడింది. రోజంతా పుస్తకాల ముందు కూర్చున్న జడ్సన్‌కు వ్యాకరణం బాగా పట్టుబడింది. ఇంటి పనులన్నీ చూసుకుంటూ పనివాళ్లతో, ఇరుగుపొరుగుతో మాట్లాడక తప్పని ఆన్‌కు మాట వచ్చింది. భాష నిర్మాణం భర్తకు ఎక్కువ తెలిసినా, మాట్లాడటంలోనూ అర్థం చేసుకోవడంలోనూ తానే మెరుగని ఆమె ఉత్తరంలో రాసింది. మిషనరీ కుటుంబాల్లో నేటికీ దీనికి తిరగబడ్డ రూపం కనిపిస్తుంది. భర్త తరగతికి వెళతాడు, భార్య చంటిపిల్లలతో ఇంట్లో చిక్కుబడుతుంది, మూడేళ్లకు ఆమె ఒంటరితనమే ఆ కుటుంబం తిరిగి రావడానికి కారణమవుతుంది. అందుకే చాలా సంస్థలు ఇప్పుడు ఇద్దరికీ సమానంగా భాషా సమయం కేటాయించాలని పట్టుబడుతున్నాయి.

ఇంతకంటే లోతైన మార్పు హోదాకు సంబంధించింది. తన దేశంలో పట్టభద్రుడు, వక్త, పాస్టరు. ఇక్కడ నాలుగేళ్ల పిల్లవాడి కన్నా తక్కువ మాటలు వచ్చిన పెద్దమనిషి. తప్పు దిద్దే అధికారం మొత్తం ఎదుటివారి చేతిలో ఉంటుంది. బోధకుడు వినేవాడవుతాడు, బోధ వినవలసినవారు గురువులవుతారు. ఈ తారుమారు ఇష్టం లేనివారికి తప్పించుకునే దారీ ఉండేది: ఎత్తయిన గోడల మిషన్ కాంపౌండులో తోటి విదేశీయుల మధ్య బతకడం, దుభాషితో పని నడపడం. తమ మాటకు అనువాదంలో ఏం జరుగుతోందో ఆ దారి పట్టినవారికి తెలిసేది కాదు.

గురువుల పేర్లు చరిత్రలో వెనక్కి పోయాయి. కేరీకి బెంగాలీ నేర్పి, అనువాదంలో తోడు నిలిచిన రామ్ రామ్ బసు స్వయంగా బెంగాలీ వచనానికి తొలి రచయితల్లో ఒకరు. మదురైలో ఇటలీ జెస్యూట్ మిషనరీ రాబర్ట్ డి నోబిలికి సంస్కృతం చెప్పింది శివధర్ముడనే పండితుడు. వీళ్లు లేకుండా ఆ అనువాదాల్లో ఒక్కటీ లేదు. పుస్తకాల మీద మాత్రం మిషనరీ పేరే ఉంటుంది. ఆ పనులను జంటగా చేసినవిగా చూడటమే న్యాయం.

వేలితో చూపడం నుంచి పద్ధతి దాకా

పందొమ్మిదో శతాబ్దం చివరికి భాష నేర్పడం ఒక వ్యవస్థ అయింది. హడ్సన్ టేలర్ 1865లో స్థాపించిన చైనా ఇన్‌లాండ్ మిషన్ కొత్తగా వచ్చిన పురుషులను ఆన్‌చింగ్‌లో, స్త్రీలను యాంగ్‌జౌలో ఉన్న శిక్షణ గృహాలకు పంపేది. వరుస పరీక్షలు ఉండేవి.

ఇరవయ్యో శతాబ్దంలో భాషాశాస్త్రం తోడయింది. కామెరూన్ టౌన్సెండ్ 1917లో స్పానిష్ బైబిళ్లు అమ్మడానికి గ్వాటెమాల వెళ్లాడు. అక్కడి కక్చికెల్ జనంలో చాలామందికి స్పానిష్ రాదని గ్రహించి వాళ్ల భాషే నేర్చుకున్నాడు. 1934లో ఆయన అమెరికాలో మొదలుపెట్టిన వేసవి శిక్షణ శిబిరమే తర్వాత ఎస్‌ఐఎల్ (సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లింగ్విస్టిక్స్) సంస్థగా పెరిగింది. దాని ప్రముఖుడు కెన్నెత్ పైక్ సభల్లో ఒక ప్రదర్శన ఇచ్చేవాడు. తనకు బొత్తిగా తెలియని భాష మాట్లాడే మనిషిని పక్కన నిలబెట్టుకుని, ఒక ఆకు, రెండు ఆకులు, ఒక పుల్ల చూపిస్తూ, ఉమ్మడి భాష ఏదీ వాడకుండా గంటలోపే ఆ భాష ధ్వనులనూ వాక్య నిర్మాణాన్నీ నల్లబల్ల మీద రాసి చూపేవాడు. జడ్సన్ ఇంట్లో అగచాట్లుగా సాగిన పని అప్పటికి ఒక విద్య అయింది.

1970ల్లో మిషనరీలకు భాషా శిక్షణ ఇచ్చే బ్రూస్టర్ దంపతులు తరగతి గదినే ప్రశ్నించారు. రోజుకు రెండు మూడు వాక్యాలు మాత్రం నేర్చుకుని, అవే వాక్యాలను వీధిలో ముప్పై నలభై మందితో మాట్లాడమన్నారు. దిగిన రోజు నుంచే స్థానిక కుటుంబంతో ఉండమన్నారు. తోటి విదేశీయుల మధ్య గడిపే మొదటి వారాలే మనిషిని ఆ గుంపుకు అతికించేస్తాయని వారి వాదన. తర్వాత గ్రెగ్ థామ్సన్ రూపొందించిన పద్ధతిలో మొత్తం 1,500 గంటలు ఆరు దశలుగా ఉంటాయి. మొదటి 30 గంటలూ నేర్చుకునేవారు ఆ భాషలో మాట్లాడరు, వింటారు, చూపిస్తారు, చెప్పినట్టు చేస్తారు. ఎదుటి మనిషిని అక్కడ టీచరు అనరు, పెంచేవారు అనే అర్థమున్న మాటతో పిలుస్తారు. పసిపిల్లల వరస అది.

ఒక్క మాట దగ్గర చిక్కు

భాష నేర్చుకోవడం పదాల జాబితా అయితే ఇంత రాయవలసిన పని లేదు. అసలు చిక్కు మతం మాట్లాడబోయినప్పుడు వస్తుంది. ఆ భాషలో దేవుడు, పాపం, ఆత్మ అనే మాటలు ముందే ఉంటాయి, వాటికి అప్పటికే వేరే కాపురం ఉంటుంది.

1549లో జపాన్ చేరిన ఫ్రాన్సిస్ జేవియర్‌కు అంజిరో అనే జపనీయుడు సాయపడ్డాడు. దేవుడికి 'దైనిచి' అనే మాట వాడారు. వినేవారు ఆదరంగానే విన్నారు. రెండేళ్లకు తెలిసిందేమిటంటే దైనిచి అంటే షింగోన్ బౌద్ధుల వైరోచన బుద్ధుడని. అంటే అన్నాళ్లూ జనం విన్నది బౌద్ధంలోని మరో శాఖ ప్రచారం! జేవియర్ ఆ మాట వదిలేసి లాటిన్ 'దేవుస్' పట్టుకున్నాడు. దానితో ఒక తప్పు పోయింది, ఇంకో ఇబ్బంది వచ్చింది: కొత్త దేవుడు పరాయి పేరుతో నిలబడ్డాడు.

చైనాలో ఈ ఎంపిక ఇంకా తెగలేదు. కాథలిక్కులు 'తియెన్‌జు' అన్నారు, పరలోక ప్రభువని అర్థం. ప్రొటెస్టెంట్లలో ఒక వర్గం ప్రాచీన గ్రంథాల్లోని 'షాంగ్‌డి' కావాలంది. ఇంకో వర్గం దేవతలందరికీ వర్తించే 'షెన్' కావాలంది. పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఆ తగవు తీరలేదు. 1919లో వచ్చిన చైనీస్ బైబిలు నేటికీ షెన్ ప్రతి, షాంగ్‌డి ప్రతి అని రెండు రకాలుగా అచ్చవుతోంది.

పాపం సంగతీ అంతే. చైనీస్‌లో దానికి వాడే 'జుయి' అనే మాటకు నేరం అని కూడా అర్థం. అందరూ పాపులే అని బోధిస్తే, అందరూ నేరస్థులే అన్నట్టు వినిపిస్తుంది. నేనేం దొంగతనం చేశానని ఎదురుప్రశ్న వస్తుంది. తెలుగు నేర్చుకునేవారికి వేరే తికమక. పడిపోయిన పిల్లవాణ్ణి చూసి అందరూ 'అయ్యో, పాపం' అంటుంటే, వాడు చేసిన పాపమేమిటో వాళ్లకు తోచదు.

వ్యాకరణం సైతం వేదాంతంలోకి లాగుతుంది. తెలుగులో మనం, మేము వేరువేరు. గ్రీకులో, ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట. మార్కు సువార్తలో తుఫానులో చిక్కిన శిష్యులు నిద్రపోతున్న యేసును లేపి నశించిపోతున్నాం అంటారు. ఎవరు నశిస్తున్నారు? మేమా, మనమా? 'మనం' అంటే యేసు కూడా మునిగిపోతాడని వారు భయపడ్డట్టు. 'మేము' అంటే ఆయనకేమీ కాదని నమ్మినట్టు. గ్రీకు మూలం ఏదీ తేల్చదు, ఇలాంటి భేదమున్న భాషలోకి అనువదించేవారు తేల్చక తప్పదు. తెలుగు బైబిలు 'మేము' వైపు మొగ్గింది.

మర్యాద వాచకాలు మరో అగడ్త. తెలుగులో అతిథిని మీరు అంటాం, దేవుణ్ణి మాత్రం నువ్వు అంటాం. ఈ వింతను ఏ వ్యాకరణ సూత్రమూ ముందే చెప్పదు. జావా భాషలో మర్యాద స్థాయిని బట్టి మొత్తం పదజాలమే మారిపోతుంది. జపనీస్‌లో ఆడవారి మాటతీరు కొంత వేరు. స్త్రీల దగ్గరే భాష నేర్చుకున్న విదేశీ పురుషుడు నోరు తెరిస్తే వినేవారు నవ్వాపుకుంటారు.

బట్ట, ఇల్లు, మౌనం

మతేయో రిచ్చి 1583లో చైనా లోపలికి వెళ్లినప్పుడు బౌద్ధ భిక్షువులా గుండు చేయించుకుని, వారి దుస్తులు వేసుకున్నాడు. మత గురువులు కాబట్టి అదే తగినదని లెక్క. తీరా చూస్తే సమాజంలో గౌరవం కన్ఫ్యూషియన్ పండితులది, భిక్షువులది కాదు. 1595లో వేషం మార్చి పండితుల పట్టుబట్టలు కట్టాడు, 1601లో బీజింగ్ చేరాడు. బట్ట మార్చుకోవడానికి పన్నెండేళ్లు పట్టిందంటే, సంస్కృతి తెలియడం ఎంత నెమ్మదైన పనో ఊహించవచ్చు.

నోబిలి 1606లో మదురై వెళ్లి సన్యాసి వేషం, శాకాహారం, బ్రాహ్మణ ఆచారాలు పట్టాడు. తోటి పాదిరీలే ఫిర్యాదు చేశారు. 1623లో పోపు అనుమతితోగానీ ఆ వివాదం చల్లబడలేదు. కులానికి లొంగి పైకులాలను చేరుకోవడం సంస్కృతిని గౌరవించడమా, అన్యాయంతో రాజీ పడటమా అన్న ప్రశ్న దానితో చల్లబడలేదు. చైనాలో ఇలాంటి వివాదం ఎదురుతిరిగింది. పూర్వీకులకు చేసే క్రతువులను రోమ్ 1715లో నిషేధించింది, 1721లో కాంగ్షీ చక్రవర్తి క్రైస్తవ బోధనే నిషేధించాడు. రోమ్ ఆ నిషేధాన్ని సడలించింది 1939లో.

జడ్సన్ ఎంచుకున్న దారి వీటికన్నా నిరాడంబరం. బర్మాలో బాటసారులు ఆగి సేదదీరే సత్రాలను జయత్ అంటారు. 1819లో దారి పక్కన అలాంటిదే ఒకటి కట్టి, వచ్చేపోయేవారితో కూర్చుని మాట్లాడాడు. బర్మీస్‌లో ఆయన బహిరంగ ఆరాధన మొదలైంది అక్కడే, దిగిన దాదాపు ఆరేళ్లకు.

ఈ సర్దుబాటులో మనసు పడే బాధకు మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1950ల్లో ఇచ్చిన 'కల్చర్ షాక్' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. మొదట అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత అంతా చిరాకుగా ఉంటుంది, మెల్లగా కోలుకుంటారు, చివరికి అలవాటు పడతారని ఆయన దశలు చెప్పాడు. నిజ జీవితంలో అవి ఇంత వరుసగా రావు. చిరాకు దశ భాషలో అన్నీ సగం సగం అర్థమయ్యే సమయంలోనే రావడం మాత్రం చాలామంది చెప్పేదే. ఏమీ అర్థం కానప్పుడు అవమానమూ అర్థం కాదు కదా.

కాథలిక్ పూజారి ఇవాన్ ఇల్లిచ్ దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. 1961లో ఉత్తర అమెరికా నుంచి లాటిన్ అమెరికాకు వేలమంది మిషనరీలను పంపాలని రోమ్ పిలుపునిచ్చినప్పుడు, మెక్సికోలోని క్వెర్నవాకాలో ఆయన స్పానిష్ శిక్షణ కేంద్రం తెరిచాడు. భాషలో మాటల కన్నా మౌనాలు నేర్చుకోవడం కష్టమనేవాడు. ఎప్పుడు ఊరుకోవాలో తెలియనివాడు వెళ్లకపోవడమే మంచిదని ఆయన ఉద్దేశం. తన కేంద్రానికి వచ్చినవారిలో కొందరు వెనక్కి తిరిగిపోతే అది విజయమే అనుకున్న భాషా బడి అది!

ఎవరి మీద ఎంత ప్రభావం?

భాషల మీద పడ్డ ముద్ర కంటికి కనిపిస్తుంది. హెర్మన్ గుండర్ట్ మలయాళ నిఘంటువు 1872లో, ఫెర్డినాండ్ కిట్టెల్ కన్నడ నిఘంటువు 1894లో వచ్చాయి. తెలుగువారికి ఈ వరసలో బ్రౌన్ గుర్తుకు రావడం సహజం, కానీ ఆయన కంపెనీ ఉద్యోగి, మిషనరీ కాదు. 1841లో చిరపుంజి చేరిన వేల్స్ మిషనరీ థామస్ జోన్స్ ఖాసీ భాషను రోమన్ లిపిలో రాయడం మొదలుపెట్టాడు. అందులో తన మాతృభాష వెల్ష్ రాత పద్ధతుల ఛాయలు చేరాయి. ఆయన దిగిన ఊరి మాండలికమే ప్రామాణిక ఖాసీగా స్థిరపడింది. ఇంకో లోయలో దిగి ఉంటే ఇంకో యాస పాఠ్యపుస్తకం అయ్యేది. లిపి ఇవ్వడం మేలే, అయితే ఏ ఇంటి యాసకు ఇచ్చారన్నది పక్క యాసల భవిష్యత్తునూ తేల్చేసింది.

మార్పు రెండో వైపు కూడా జరుగుతుంది. డేనియల్ ఎవరెట్ 1970ల చివర్లో బ్రెజిల్ అడవుల్లోని పిరహా జనం దగ్గరికి వెళ్లాడు, సువార్తను వారి భాషలో పెట్టడానికి. పిరహా క్రియాపదంలో, చెబుతున్న సంగతి కళ్లతో చూసిందా, విన్నదా, ఊహించిందా అని సూచించే ప్రత్యయాలు ఉంటాయి. యేసును నువ్వు చూశావా అని వాళ్లడిగారు. లేదన్నాడు. చూసినవారు ఎవరైనా తెలుసా? తెలియదు. వారి ఆసక్తి అంతటితో పోయింది. కాలక్రమంలో ఎవరెట్ విశ్వాసమే పోయింది, భాషాశాస్త్రవేత్తగా మిగిలాడు. ఇది అరుదైన ముగింపే. అయితే భాషలోకి పూర్తిగా దిగినవారు వెళ్లినట్టే తిరిగి రారన్న దానికి ఇంతకన్నా తీవ్రమైన ఉదాహరణ దొరకదు.

ఇప్పటి ఒత్తిళ్లు

రెండు వారాల యాత్రలు పెరిగాయి. అవి దుభాషి మీదే నడుస్తాయి. చాలా దేశాలు మత ప్రచారానికి వీసా ఇవ్వవు కాబట్టి విద్యార్థిగానో ఉద్యోగిగానో వెళ్లేవారున్నారు. వారికి భాషా కళాశాల చదువు నేర్చుకునే చోటే కాదు, ఆ దేశంలో ఉండటానికి ఆధారం కూడా. దీనిలో నిజాయితీ ఎంత అన్న చర్చ మిషన్ సంస్థల లోపలే ఉంది.

పంపే దేశాలూ మారాయి. దక్షిణ కొరియా నేడు అత్యధికంగా మిషనరీలను పంపే దేశాల్లో ఒకటి. బ్రెజిల్, నైజీరియా, భారత్ కూడా పంపుతున్నాయి. పైన చెప్పిన పద్ధతుల పుస్తకాలు, శిక్షణలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. కాబట్టి కొరియన్ మిషనరీ చాలాసార్లు ముందు ఇంగ్లిష్, తర్వాత ఆ దేశ అధికార భాష, ఆపైన ఊరి భాష నేర్చుకోవలసి వస్తుంది. ఇంకోవైపు, ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, బజారులో ఒకటి మాట్లాడుతూ పెరిగిన నైజీరియా మనిషికి నాలుగో భాష అంత గుండెదడ పుట్టించదు.

ఫోన్‌లోని అనువాద యాప్ మందుల దుకాణంలో, అద్దె ఒప్పందం దగ్గర నిజంగా ఆదుకుంటోంది. దాని వల్ల ఒక పాత అవసరం తగ్గిపోయింది. ఇదివరకు చిల్లర లెక్క తేల్చుకోవాలన్నా పక్కింటి తలుపు తట్టాల్సి వచ్చేది, ఆ తలుపు దగ్గరే సగం భాష వచ్చేది. యాప్ ఉన్నవారికి ఆ తలుపు తట్టే పని లేదు. అందుకే కొన్ని శిక్షణల్లో, మొదటి నెలలు వీధిలోకి వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లో పెట్టి వెళ్లమంటున్నారు.